పేచీ కట్టిన ఇల్లు

పేచీకి ఆ పేరు పెట్టింది కన్నతల్లే. పాలు ఇస్తే ఎందుకిచ్చారని, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని ఏడ్చే పిల్లకి ఇంకేం పేరు పెడతారు చెప్పండి! అసలు పేరు హాజరుపట్టీలో ఎక్కడో ఉంది గానీ ఇంట్లో, వీధిలో, చివరికి యూనివర్సిటీలో కూడా ఆమె పేచీయే. ఆ పిల్ల నోరు మూయించడం ఎవరి తరమూ కాలేదు. అలాంటి పిల్ల నోటిని ఒకసారి, పెద్దమనుషులంతా కూర్చుని, మాట సగంలో ఉండగా నొక్కేశారు. తలుచుకుంటే చెప్పే నాకే ఒళ్లు మండుతుంది. అయినా మొదట్నుంచీ చెబుతాను, వినండి.

వాళ్ల నాన్నది అద్దాల కొట్టు. మెయిన్ రోడ్డు మీద టైర్ల షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. కిటికీ అద్దాలు, ఫొటో ఫ్రేములు, షోకేసు పలకలు అన్నీ అక్కడే. గాజు పలకని బల్ల మీద పరిచి, స్కేలు ఆనించి, కట్టర్‌తో ఒక్క గీత గీసి, బల్ల అంచుకి జరిపి నొక్కితే టక్కున రెండవుతుంది. పేచీ చిన్నప్పట్నుంచీ కొట్లో సాయం చేసేది. గాజు రజను ఊడ్చేది, పలకల మధ్య పాత పేపర్లు పెట్టి గోడకి నిలబెట్టేది. తప్పు కొలత తామే ఇచ్చి, అద్దం పట్టలేదని గొడవకొచ్చేవాళ్లతో నాన్నకి బదులు తనే పోట్లాడేది. నాన్నకి నోట్లో నాలుక లేదు మరి.

స్కూలు చదువు అయ్యాక కామర్స్‌లో చేరదామని ఊళ్లో ఉన్న చిన్న యూనివర్సిటీకి వెళ్లింది. కామర్స్ బల్ల ముందు లైను గేటు దాకా ఉంది. ఎండ మాడ్చేస్తోంది. పక్క బల్ల ముందు మాత్రం పురుగు కూడా లేదు. ఆ బల్ల వెనక ఒక బట్టతల మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, లైనులో వాళ్లని చూస్తూ కూర్చున్నారు. పేచీకి అక్కడ కాస్త నీడ కనిపించింది. వెళ్లి నిలబడి, "ఇక్కడేం నేర్పుతారండీ?" అని అడిగింది.

"పోట్లాడటం," అన్నారాయన.

"అది నాకొచ్చు."

"అవుననుకుందాం. ఓడిపోయిన ప్రతిసారీ ఎందుకు ఓడిపోయావో తెలుసా?"

"నేనెప్పుడూ ఓడిపోలేదు."

"అయితే ఎందుకు గెలిచావో తెలుసా?"

పేచీ నోరు తెరిచింది. మాట రాలేదు. జన్మలో మొదటిసారి మాట రాకపోవడంతో ఆ మనిషి మీద ఎక్కడలేని కోపమూ వచ్చి, ఆ కోపంలోనే ఫిలాసఫీలో చేరిపోయింది.

ఇంట్లో తెలిసేసరికి పెద్ద రభసే అయింది. "పోట్లాటకి చదువెందుకే నీకు, పుట్టుకతో వచ్చిందిగా!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న కట్టర్ కింద పెట్టి, మళ్లీ తీసి, పని చూసుకున్నాడు. బావ, అంటే అక్క మొగుడు, మోటారు సైకిళ్ల షోరూంలో మేనేజరు. ఆయనకి మాత్రం పండగే అయింది. "ఏవమ్మా మరదలా, ఫిలాసఫీ అంటే గడ్డం పెంచుకుని శూన్యంలోకి చూడటమేగా? శూన్యంలోకి చూస్తావు సరే, గడ్డం సంగతేంటి?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పేచీ పళ్లు కొరుక్కుంది.

ఆ విభాగమంతా కలిపి ఒక గది. లైబ్రరీ వెనక మెట్లెక్కితే, నీళ్ల ట్యాంకు పక్కన. పంపు వేసినప్పుడల్లా గదిలో వాళ్లు గొంతు పెంచుకోవాలి. ఒక పొడుగాటి బల్ల, చుట్టూ కాళ్లు సరిగా లేని కుర్చీలు, మూలన రెండు బీరువాలు. చదివేవాళ్లు ఒక ఆటోలో పట్టేంతమంది. చెప్పే మనిషి ఆ బట్టతల మాస్టారు ఒక్కరే. చూపు ఆనని తల్లితో యూనివర్సిటీ క్వార్టర్సులోనే ఉండేవారు. ఏ మాట మొదలుపెట్టినా "అవుననుకుందాం" అనేవారు కాబట్టి పిల్లలు ఆయన్ని అవుననుకుందాం మాస్టారు అనేవాళ్లు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి మాటనైనా కాదనాలంటే, ముందు ఆ మాటని వాళ్ల తరఫున నువ్వే చెప్పాలి. నంగిగా, వెటకారంగా కాదు. వాళ్లే "అవును, నేనన్నది అదే" అనాలి. వాళ్లు ఆ మాట అన్నాకే నీ వంతు. అప్పటిదాకా కాదనే హక్కు నీకు లేదు. దీన్ని వాళ్లు ఎదుటివాడి ఇల్లు కట్టడం అనేవాళ్లు. పడగొట్టాలనుకునే ఇంటిని ముందు నీ చేత్తో నువ్వే కట్టాలన్నమాట. ఇంకెక్కడా లేని ఈ విడ్డూరమే ఆ గదికి ప్రాణం. తర్వాత కొంప ముంచింది కూడా ఇదే.

మొదట్లో పేచీకి ఈ పద్ధతితో తల ప్రాణం తోకకొచ్చింది. ఒక రోజు, మనిషి మేలు కోరి అతనికి అబద్ధం చెప్పొచ్చా అన్నది చర్చ. మెత్తనోడని ఒక సన్నటి కుర్రాడుండేవాడు, దోమని కూడా దూరం నుంచి ఊది పంపించే రకం. చెప్పొచ్చని అతనన్నాడు. పేచీ లేచింది. "వీడనేదేంటంటే, లోకంలో అందరూ చేతకానివాళ్లు, నిజం తట్టుకోలేరు, కాబట్టి ఈ మహానుభావుడు తలా ఒక అబద్ధం పంచిపెడతాడు."

"అతను ఒప్పుకున్నాడా?" అన్నారు మాస్టారు.

మెత్తనోడు తల అడ్డంగా ఊపాడు.

"కూర్చో. రేపు చూద్దాం."

రేపూ అంతే, ఎల్లుండీ అంతే. ఎన్నిసార్లు చెప్పినా మెత్తనోడు పాపం మొహమాటంగా తల అడ్డంగానే ఊపేవాడు. చివరికి పేచీ ఉడికిపోయి, క్యాంటీన్‌లో అతని ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, "అసలు నీ బాధేంటి? అలా ఎందుకనుకుంటున్నావు?" అని నిలదీసింది. అతను టీ చల్లారిపోయేదాకా చెప్పాడు. వాళ్ల అమ్మమ్మకి నయంకాని జబ్బు చేసింది. తగ్గిపోతుందని ఇంట్లో అందరూ చెప్పారు. ఆవిడ చివరిదాకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు అబద్ధం వల్ల వచ్చింది కాబట్టి పారేయమంటావా అన్నాడు.

మర్నాడు పేచీ ఆ మాట చెప్పింది. జబ్బు సంగతి ఎత్తకుండా, ఆ నవ్వు ఎంత విలువైందో చెప్పింది. మెత్తనోడి కళ్లు చెమ్మగిల్లాయి. "అవును, నేనన్నది అదే. నాకన్నా బాగా చెప్పావు," అన్నాడు. ఇక పేచీ వంతు. "కానీ," అంది. అని ఆగింది. తను ముందు అనుకున్న జవాబు ఇప్పుడు పనికిరాదని తెలిసింది. కొంచెంసేపు ఆలోచించుకుని, "ఆ మనిషి కూడా మీకు అబద్ధమే చెప్పి ఉంటే?" అంది. "తనకంతా తెలిసి, మీకోసం నవ్వి ఉంటే? ఒకళ్లనొకళ్లు కాపాడుకుంటూ, ఒక్క నిజమైన మాట కూడా లేకుండా విడిపోయారు కదా." ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తూ పేచీ దారి పొడుగునా తనలో తను మాట్లాడుకుంది. ఇన్నేళ్లూ తను పోట్లాట అనుకున్నది ఉత్త అరుపులని అర్థమై సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఇక ఆ గదిని వదల్లేదు.

ఈ విద్య ఇంట్లోనూ వాడేది మరి. ఒక ఆదివారం అందరూ భోజనాల దగ్గర ఉండగా బావ మళ్లీ మొదలెట్టాడు, కూడు పెట్టని చదువు చదువే కాదని. పేచీ ఎగిరిపడలేదు. కంచం పక్కకి జరిపి, "బావా, నువ్వనేది ఇదీ," అంది. "నాన్న వేళ్ల మీద కోతలు చూడు. రేపు ఆ చెయ్యి వణికితే కొట్టు మూతపడుతుంది. అప్పుడు అమ్మానాన్నల్ని చూసుకోవాల్సింది అక్కా, నువ్వూ, నేనూ. నేను నాకిష్టమైంది చదువుకుని కూర్చుంటే ఆ బరువంతా నీ మీద పడుతుంది. నువ్వది పైకి అనలేక గడ్డం అనీ గాడిదగుడ్డనీ జోకులేస్తున్నావు. అంతేనా?"

బావ ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. "అదే! అదే నేననేది! ఇన్నాళ్లకి ఒక్కరికి అర్థమైంది ఈ ఇంట్లో!"

"కానీ బావా, నువ్వు కూడు పెట్టే చదువే చదివావు కదా. సాయంత్రం షోరూం నుంచి వచ్చి గోడకేసి చూస్తూ కూర్చుంటావట, పిలిచినా పలకవట. ఆ కూడు అక్కకి సయించట్లేదని నీకెప్పుడైనా తెలిసిందా?"

అక్క గరిట పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయింది. బావ చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయాడు. "అన్నం తినేవాణ్ణి లేపేశావు కదే, నీ చదువు తగలెయ్య!" అని అమ్మ తిట్టింది. ఆ సాయంత్రం బావ అక్కని తీసుకుని ఎటో తిరిగొచ్చాడని తర్వాత తెలిసింది. అమ్మ తిట్టు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అలా రెండో ఏడు చివరికొచ్చింది. ఇంకొక్క ఏడాది చదివితే డిగ్రీ చేతికొస్తుంది. అదిగో, అప్పుడు పడింది పిడుగు. ఫిలాసఫీ విభాగం మూసేయాలని అనుకుంటున్నారట. చదువుతున్నవాళ్లని మేనేజ్‌మెంట్‌లోకి మారుస్తారట. ఆ గది కూడా మేనేజ్‌మెంట్ వాళ్లకే ఇస్తారట. పేచీకి అరికాలి మంట నెత్తికెక్కింది. కూరగాయల బేరమా ఇది, ఇది లేకపోతే అది తీసుకోమనడానికి? రెండేళ్లు ఒక పని నేర్చుకుంటున్న మనిషిని పట్టుకుని, నీ పని రద్దు, ఇంకో పని నేర్చుకో అంటే ఎలా ఉంటుంది?

వీసీ పెద్దమనిషి తరహా మనిషి. గొంతు పెంచడు, ఎవరినీ నొప్పించడు, చేసేది చేస్తాడు. కమిటీ కూర్చుంటుందని, విద్యార్థుల తరఫున ఒకరు వచ్చి మాట్లాడొచ్చని కబురు పెట్టాడు. ఎవరు వెళ్లాలన్న ప్రశ్నే రాలేదు, అందరూ పేచీకేసి చూశారు. ఎలా మాట్లాడాలన్న దగ్గర మాత్రం తేడా వచ్చింది.

"ముందు మన మాట చెప్పెయ్," అన్నాడు మెత్తనోడు. "వాళ్లు మన గదివాళ్లు కారు. వాళ్లకి మన పద్ధతి తెలీదు."

"అవుననుకుందాం," అన్నారు మాస్టారు. "మన పద్ధతి వదిలేసి గెలిస్తే, ఈ గదిని వాళ్లు మూయక్కర్లేదు. మనమే మూసేసినట్టు."

ఆ మాట పేచీకి గుండెల్లో నాటుకుంది. నిజమే కదా అనుకుంది. దేన్ని కాపాడటానికి వెళ్తున్నామో దాన్ని గుమ్మం బయట విడిచి వెళ్లడమేంటి! కమిటీ వాళ్ల వాదన ఏంటో ఆఫీసులో కనబడినవాళ్లందరినీ అడిగి తెలుసుకుంది. మేనేజ్‌మెంట్ పిల్లలు వరండాలో నిలబడి పాఠాలు వింటుంటే వెళ్లి చూసి వచ్చింది. అద్దాల కొట్లో పుట్టీ పూస్తూ, ఫ్రేములకి మేకులు కొడుతూ, రెండు సగాలూ బట్టీ పట్టింది.

కమిటీ గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. పొడుగాటి బల్లకి ఆ చివర వీసీ, అటూ ఇటూ సభ్యులు, ప్రతివాళ్ల ముందూ నీళ్ల సీసా. గోడ పక్కన కుర్చీలో మాస్టారు కూర్చుని ఉన్నారు, ఆయన్ని కూడా పిలిచారు. ఒక మూల కెమెరా పెట్టారు. వీసీ సెక్రటరీ మైకు పేచీ ముందుకి జరిపి, "క్లుప్తంగా అమ్మా," అన్నాడు.

పేచీ మొదలుపెట్టింది. "ఒక చిన్న యూనివర్సిటీకి ఉన్న గదులు కొన్నే. పని దొరికే చదువు కోసం వచ్చినవాళ్లు వరండాలో నిలబడి పాఠం వింటున్నారు. కాళ్లు నొప్పెట్టి గోడకి ఆనుకుని రాసుకుంటున్నారు, నేను చూశాను. ఇక్కడ మేము కొద్దిమందిమి ఒక పెద్ద గది, ఒక ప్రొఫెసర్ని పెట్టుకుని కూర్చున్నాం. ఫిలాసఫీ మంచిదా కాదా అన్నది ప్రశ్నే కాదు. ఎంత మంచిదైనా ఇంకొకరి కుర్చీ లాక్కుని కూర్చునే హక్కు దానికి లేదు. ఇష్టం ఉన్నవాళ్లు ఆ పుస్తకాలు ఇంట్లోనూ చదువుకోవచ్చు. కుర్చీ లేనివాళ్లు ఎక్కడికి పోతారు? ఈ విభాగాన్ని మూయాలనుకోవడం చదువు మీద ద్వేషంతో కాదు. బయట నిలబడ్డవాళ్ల మీద జాలితో."

సభ్యుల్లో ఒకావిడ పెన్ను కింద పెట్టేసింది. వీసీ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "సరిగ్గా అదే," అన్నాడు. "మేమన్నది అదే. మేమే ఇంత బాగా చెప్పలేకపోయాం."

పేచీకి ఒళ్లు పులకరించింది. ఆ మాట కోసమేగా ఇంత శ్రమా! వాళ్ల గదిలో ఆ మాటకి అర్థం, ఇక నీ వంతు అని. ఊపిరి తీసుకుంది. "కానీ," అంది.

"చాలా సంతోషం," అన్నాడు వీసీ. "విద్యార్థులే ఇంత పెద్ద మనసుతో అర్థం చేసుకున్నాక ఇంక మనం చర్చించేదేముంది?" చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. సెక్రటరీ మైకు ఆపేశాడు.

"సార్, అది మీ మాట! నా మాట నేనింకా మొదలే పెట్టలేదు!" అని పేచీ అరిచింది.

బల్ల చుట్టూ నవ్వులు. "చమత్కారం కూడా ఉందే అమ్మాయికి!" అన్నాడొక సభ్యుడు. కుర్చీలు వెనక్కి జరిగాయి. టీ కప్పులు లోపలికి వచ్చాయి. పేచీ గోడ పక్కకి చూసింది. ఒక్క మాట చాలు. ఆ పిల్ల మాట ఇంకా అవలేదండీ, మా పద్ధతి ఇదీ అని మాస్టారు లేచి ఒక్క ముక్క అంటే చాలు. మాస్టారు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు. తుడుస్తూనే ఉన్నారు. సెక్రటరీ పేచీ భుజం మీద చెయ్యి వేసి మర్యాదగా బయటికి పంపించేశాడు.

అక్కడితో అయినా ఊరుకున్నారా? ఆ మొదటి సగం వీడియోని యూనివర్సిటీ పేజీలో పెట్టారు. 'విద్యార్థుల మాట' అని పైన రంగుల అక్షరాలు. సాయంత్రానికి ఊరంతా చూసింది. బావ చుట్టాలందరికీ పంపించి, స్వీట్ల డబ్బా పట్టుకుని ఎగురుకుంటూ వచ్చాడు. "మా మరదలికి బుద్ధొచ్చిందోచ్! ఏం మాట్లాడిందండీ, వీసీనే చప్పట్లు కొట్టాడు!" పేచీ ఆ డబ్బాని గోడకేసి కొట్టింది. అక్క గుక్క తిప్పుకోకుండా తిట్టింది. పేచీ గదిలోకి పోయి తలుపేసుకుంది. తలుపు అవతల అమ్మ ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఆ వీడియో మళ్లీ మళ్లీ చూస్తోంది.

"ఇదిగో అల్లుడూ," అంది అమ్మ చివరికి. "ఇది అయిపోలేదు. దీని చివర్లో అది ఊపిరి పీలుస్తోంది చూడు. పెదవి ఇలా పెట్టింది చూడు. ఆ మొహం నాకు తెలీదా? అది పేచీ మొదలెట్టే ముందు మొహం. నా పిల్లని మధ్యలో నొక్కేశారు, పాపిష్టివాళ్లు."

బావ మళ్లీ చూశాడు. తర్వాత నేల మీద స్వీట్లు ఏరుకున్నాడు.

పేచీ ఊరుకోలేదు. వీసీ ఆఫీసు ముందు రోజూ నిలబడింది. వీసీ గారు మీటింగులో ఉన్నారు, ఊళ్లో లేరు, ఇప్పుడే వెళ్లిపోయారు. మిగతావాళ్లతో కలిసి గేటు దగ్గర మాట్లాడబోతే, ఆ వీడియోలో అమ్మాయివి నువ్వే కదా, అప్పుడొక మాట ఇప్పుడొక మాటా అని జనమే ముఖం మీద అన్నారు. అంతకన్నా కడుపుమంట ఇంకేముంది! ఒక పొద్దున్న పాలకమండలి కూర్చుని తీర్మానం చేసేసింది. విభాగం రద్దయింది. ఆ సంగతి తెలిసిన మధ్యాహ్నం పేచీ లైబ్రరీ వెనక మెట్లెక్కింది.

మాస్టారు బీరువాలో పుస్తకాలు తీసి అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. పేచీని చూసి కుర్చీలో కూర్చున్నారు. పేచీ నిలబడే ఉంది.

"మీరెందుకు లేవలేదు మాస్టారూ?"

ఆయన చేతిలో పుస్తకం బల్ల మీద పెట్టారు. "నన్ను మేనేజ్‌మెంట్ వాళ్లకి పాఠాలు చెప్పమన్నారు. వ్యాపార నీతి అని ఒక సబ్జెక్టు."

"ఎప్పుడన్నారు?"

"కొన్నాళ్లయింది."

"కమిటీకి ముందా, తర్వాతా?"

"ముందే."

పేచీ బల్ల అంచు పట్టుకుంది. "అందుకేనా ముందు వాళ్ల ఇల్లు కట్టమన్నారు?"

"కాదు!" అన్నారు మాస్టారు. "ఒట్టు, అందుకు కాదు. ఆ మాట నమ్మే చెప్పాను. లేవాల్సినప్పుడు మాత్రం లేవలేకపోయాను. తిట్టు, నీకా హక్కుంది. కానీ తిట్టేముందు నా వైపు ఏముందో కూడా..."

చూశారా తెంపరితనం! ఇంత చేసి, మళ్లీ ఆ పద్ధతి వెనకే దాక్కుంటున్నాడా మనిషి! పేచీకి ఆ అట్టపెట్టెలన్నీ కిటికీలోంచి విసిరేయాలనిపించింది. విసిరేయలేదు. ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సరే, వినండి. మీ అమ్మగారికి చూపు ఆనదు. ఆ క్వార్టర్సులో ఏ గోడ ఎక్కడుందో ఆవిడ చేతులకి తెలుసు. ఇల్లు మారితే మంచినీళ్లు కూడా తెచ్చుకోలేరు. మీరు లేచి మాట్లాడితే ఉద్యోగం పోతుంది, క్వార్టర్సు పోతుంది. పోయినా విభాగం ఎలాగూ మూతపడుతుంది. మునిగే పడవలో ఇంకో మనిషి ఎక్కితే ఎవరికి లాభం అనుకున్నారు. పైగా దీనికి చిన్న వయసు, గట్టి పిండం, తట్టుకుంటుందిలే అనుకున్నారు. అంతేనా?"

మాస్టారి కళ్లలోంచి నీళ్లు కారాయి. "అవును. నేననుకున్నది అదే. ఆ చివరిది కూడా."

ఎదుటివాడి బాధ అర్థమైతే కోపం చల్లారుతుందని ఎవరన్నారో గానీ, పేచీ విషయంలో అది శుద్ధ అబద్ధం. అర్థం కానప్పుడు ఆమె కోపం ఊరందరి మీదా ఉంది. అర్థమయ్యాక మొత్తం వచ్చి ఈ ఒక్క మనిషి ముందు కూర్చుంది.

"కానీ," అంది. ఈసారి ఆపేవాళ్లు ఎవరూ లేరు. "ఆ రోజు నేను చెప్పాల్సిన రెండో సగం ఇది. వినండి, మీరూ విన్లేదు కదా. వీసీ గారూ, మీ మాట మీరే ఇంత బాగా చెప్పలేకపోయామన్నారు. ఎందుకు చెప్పలేకపోయారు? బయట నిలబడ్డవాళ్ల కాళ్లనొప్పి మీకు గుర్తుకూడా లేదు. మీకు కావాల్సింది గది. అది చూసి వచ్చింది మేము. మీ మాటలో ఉన్న మంచిని వెతికి తీసి మీకు చూపించింది ఈ గది నేర్పిన చదువు. రేపు ఈ గది ఉండదు. అప్పుడు మిమ్మల్ని కాదనేవాళ్లు అరుస్తారు, మీరూ అరుస్తారు. ఎవరు ఏమంటున్నారో ఎవరికీ తెలీదు. కుర్చీలు చాలకపోతే మా గదిలోకి వాళ్లని పిలవండి, మేం నిలబడి చదువుకుంటాం. కుర్చీ కావాలని మేమెప్పుడు అడిగాం? అదీ నా మాట."

పంపు ఆగిపోయింది.

"ఇక మీ సంగతి," అంది పేచీ. "ఎదుటివాడి ఇల్లు కట్టమని నేర్పారు. బావుంది. కట్టాక, నా వంతు నాకొస్తుందని ఎవరి మీద నమ్మకంతో కట్టాను? వీసీని నమ్మా? మిమ్మల్ని నమ్మి కట్టాను. ఈ పద్ధతికి కాపలా ఒక మనిషి ఉండాలి మాస్టారూ. ఈ అమ్మాయి మాట ఇంకా అవలేదు అనే మనిషి ఒకడు ఉండాలి. ఆ ఒక్కడు లేకపోతే ఇది చదువు కాదు, మోసం."

మాస్టారు కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచారు. ముఖమంతా తడిగా ఉంది. "పద," అన్నారు. "ఇదంతా వీసీ ముందు చెప్పు. నీ పక్కన నేను నిలబడతాను. ఏమైతే అదవుతుంది."

"తీర్మానం పొద్దున్నే అయిపోయింది. ఇప్పుడు లేచి ఎవరికి లాభం మాస్టారూ? కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. పేచీ సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"మేనేజ్‌మెంట్‌లో నాకిచ్చిన సీటు వాళ్ల మొహాన కొట్టి పోదామని వచ్చాను. ఇప్పుడు తీసుకుంటాను. మీ వ్యాపార నీతి క్లాసులో ముందు బెంచీలో కూర్చుంటాను. మనిషి ఎప్పుడు నోరు విప్పాలో, ఎప్పుడు లేచి నిలబడాలో ఆ పిల్లలకి మీరేం చెబుతారో నేను వినాలి."

"రోజూ వస్తాను," అంది పేచీ. "ఒక్క రోజు కూడా మానను."